అరువు గొంతు

ఇటు రా చిట్టీ. ఆ ఫోను పక్కకు పెట్టు, నా మోకాలుకు ఆనుకొని కూసో. ఇంకా దగ్గరికి. నా చెవులు మంచిగనే ఉన్నయి గానీ గొంతే ఈ మధ్య సన్నబడ్డది, దూరం పోతలేదు. మీ అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాక మనకు రెండు గంటల టైమున్నది. నీకు ఎనిమిదేండ్లు నిండినయి, ఇగ చెప్పొచ్చు. ఇది మీ అమ్మ ముచ్చట. ఒక కొలువు కోసం మీ అమ్మ తల మీద సోల బోర్లించిన ముచ్చట. ఊకె వినుడు కాదు, విన్నది దాచుకోవాలె. ఎందుకో ఆఖరుకు చెప్తా.

ముందు నా సంగతి. నేను రెండో తరగతి సగం చదివిన. పలక పగిలింది, మా నాయన మళ్ల కొనలేదు, నా చదువు ఆడికే అయిపోయింది. కానీ నా చెవిలో పడ్డది ఏదీ పోదు. నా పెండ్లినాడు మా మేనత్త ఏ రంగు చీర కట్టుకున్నది, పప్పులో ఉప్పు ఎక్కువైందని ఎవరి దిక్కు చూసి మూతి తిప్పింది, ఇప్పుడడిగినా చెప్తా. "గంగామణికి మరుపనేది పుట్టలేదు" అనేటోళ్లు మా వాడోళ్లు. మెచ్చుకొని కాదు, పదేండ్ల కింద వాళ్లాడిన అబద్ధాలు కూడా నాకు యాదికుంటయని భయం.

కోరుట్లలో మా వాకిట్లో అయిదుగురం ఆడోళ్లం చేటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టి మూతి మలిచి దారం కట్టుడు. చేతులు వాటి పని అవి చేసుకుంటయి, నోరు ఖాళీగుంటది. ఇగ పొద్దంత ముచ్చట్లే.

మీ అమ్మమ్మ జమున నా బిడ్డ. దానికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. పెద్ద దవాఖానలో మందు దొరకాలంటే ఒక ఆఫీసరు సంతకం కావాలన్నరు. పదకొండుసార్లు పోయింది. ఒకపారి ఆదాయం కాయితం లేదన్నరు. ఒకపారి కులం కాయితం పాతదన్నరు. ఒకపారి కాయితాలన్నీ ఉన్నయి గానీ సారు లేడన్నరు. పన్నెండోసారి పోవాల్సిన రోజుకు జమున లేదు. మీ అమ్మ సహస్రకు అప్పుడు తొమ్మిదేండ్లు. బూడిద గోదాట్ల కలిపి ఇంటికొచ్చినంక నా కొంగు పట్టుకొని అన్నది: "అమ్మమ్మా, ఆ సంతకం పెట్టే కుర్సీల నేనే కూసుంట. ఎవ్వలనీ రెండోసారి తిప్పను."

ఆ ఒక్క మాట కోసం చదివింది. ఎట్ల చదివిందో విను, అసలు కథ ఆడనే ఉన్నది.

మా వాడలో ఒక పట్టింపు ఉండె. తంబాకు అంటిన చేతులతో పుస్తకం ముట్టొద్దు, చదువులతల్లికి కోపమొస్తది. ఒకసారి చేట ముట్టుకుంటే మళ్ల తెల్లారి తానం చేసేదాక పుస్తకం జోలికి పోరాదు. ఇద్దరం చుడితే తప్ప మా ఇంట్లో పొయ్యి మండదు. అందుకని మీ అమ్మ బడి నుంచి రాంగనే, చేట పట్టకముందే, ఒక పాఠం ఒక్కసారి పైకి చదివేది. నేను చుట్టుకుంట వినేదాన్ని. ఆనక పుస్తకం అటక మీద పెట్టి, నా పక్కన కూసొని, చేతులు నడుస్తుండంగ అడిగేది.

"అమ్మమ్మా, ఇందాక నేనేం చదివిన?"

నేను చెప్పేదాన్ని. అక్షరం పొల్లు పోనియ్యకుండ, కానీ నా తీరుగ. "పద్నాలుగో అధికరణం బిడ్డా. చట్టం ముందట అందరు సమానం. మన కార్ఖాన సేటు ముందట కాదు, చట్టం ముందట." "మన్సబుదార్లు అంటె ఎవలనుకున్నవు, మన సేటుకు గుమస్తాలు లేరా, పాదుషాకు గట్ల."

ఆ అయిదుగురిలో లసుమక్క అని ఒకతె ఉండె. దగ్గు ఒకటి, నవ్వు ఒకటి, రెండూ ఆగేటివి కావు. "ఓ గంగామణీ, నీ మనుమరాలు ఆఫీసరైతే కుర్సీల సగం నువ్వు కూసోవాలె. సగం సదువు నువ్వే సదివితివి" అనేది.

"సగమేందే? అది ఒక్కసారి సదివింది, నేను నాలుగుసార్లు చెప్పిన."

బడి అయింది, డిగ్రీ అయింది. డిప్యూటీ తాసిల్దారు పరీక్షకు లావు లావు పుస్తకాలు లైబ్రరీ నుంచి తెచ్చింది. తీరు మాత్రం మారలేదు. పొద్దున తానం చేసి ఒక్కసారి చదువుడు, దినమంతా నా నోటితో వినుడు. పదిహేనేండ్లు గట్లనే.

అప్పటికే కాయితం పరీక్షలు పోయినయి. ప్రశ్నలు ముందే బయటికొచ్చుడు, ఒకరి బదులు ఇంకొకరు రాసుడు, వీటితో జనం విసిగిపోయిన్రు. ఇందుమతి మేడం అని ఒక డాక్టరమ్మ మిషిని ఒకటి చేసింది. సర్కారోళ్లు దానికి జ్ఞానమాపకం అని పేరు పెట్టిన్రు. మేము సోల అన్నం. బియ్యం కొలిచే ఇత్తడి సోలను తల మీద బోర్లించినట్టే ఉండె మరి. చెవిలో ప్రశ్న అడుగుతది. నువ్వు నోరు తెరిచే పనిలేదు. జవాబు నీ తలలో మెదులుతది చూడు, మాట కంటే ముందు, అది దానికి కనబడుతది. జవాబుంటే పచ్చ దీపం. లేకుంటే చీకటి. రాసుడు లేదు, దిద్దుడు లేదు, కాపీ లేదు. జనమంతా చప్పట్లు కొట్టిన్రు. నేనూ కొట్టిన.

రెండేండ్లకు ఉన్నోళ్లు దానికీ తొవ్వ కనుక్కున్నరు. బాగా చదివిన పేదింటి పిల్లల తలలోంచి చదువు తీసి, తమ పిల్లల తలలో ఎక్కించుడు మొదలుపెట్టిన్రు, నెత్తురు ఎక్కించినట్టు. ఇచ్చినోళ్ల తల ఖాళీ. మెట్‌పల్లి పిల్ల ఒకతె లెక్కల్లో బంగారం అనేటోళ్లు. అమ్ముకున్నంక గడియారం చూసి టైం చెప్పరాక గోడకు ఆనుకొని ఏడ్చిందట.

అది పట్టుకునేటందుకు ఇందుమతి మేడమే సోలకు రెండో దీపం పెట్టింది. ఎర్రది. ఆమె ఆలోచన ఏందంటే, మనం చదువుకున్నది మన తలలో మన గొంతుతోనే లేస్తది. ఎక్కించుకున్నది ఇచ్చినోళ్ల గొంతుతో లేస్తది. లోపల వేరే గొంతు వినబడిందా, ఎర్ర దీపం వెలుగుతది. దాన్ని అరువు జ్ఞాపకం అన్నరు. ఎర్ర దీపం వెలిగినోళ్లకు 'సొంత జ్ఞాపక ధ్రువపత్రం' రాదు. అది లేకుంటే డిగ్రీ పట్టా, కులం కాయితం, ఆదాయం కాయితం అన్నీ చేతిలో ఉన్నా కొలువు లేదు.

ఏమైతదో నీకు తెలిసిపోయింది గదా. నవ్వకు. మాకు తెల్వలేదు.

పరీక్షనాడు నేను గేటు బయట సద్ది పట్టుకొని కూసున్న. మీ అమ్మ బయటికొచ్చింది. ముఖం ఎట్లుండెనంటే, పాసైనట్టూ లేదు, ఫెయిలైనట్టూ లేదు.

"ఏమైంది బిడ్డా? రాలేదా?"

"అన్నీ వచ్చినయి అమ్మమ్మా. నూటయాభైకి నూటనలభైయారు పచ్చ దీపాలు." నా చేతిలోని సద్ది అందుకున్నది. "నూటనలభైయారూ ఎర్ర దీపాలు."

వారానికి ఉత్తరం వచ్చింది. నియామక మండలి నుంచి. సహస్ర తలలో ఉన్న చదువంతా ఒక ముసలామె గొంతుతో లేస్తున్నది, కాబట్టి అది అరువు జ్ఞాపకం. జన్మలో ఇంకే సర్కారు కొలువుకూ పనికిరాదు. ఆ గొంతు ఎవరిదో వాళ్ల మీద కూడా కేసు. విచారణకు పది రోజుల గడువు.

మీ అమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. మొదటి పేరా దగ్గర ఏడ్వలేదు. నా మీద కేసు అన్న కాడ ఏడ్చింది.

"నేనేం చేసిన్నే? చెప్పిన. చెప్పుడు కూడా నేరమైందా?" అన్న.

లసుమక్క చేట కింద పెట్టింది. "మా చెవుల కూడా నీ గొంతే ఉన్నది గంగామణీ. అందరినీ జైల్ల పెట్టుమను. ఆడ కూసొని చుడుదాం" అన్నది.

ఉత్తరం కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉండె. మండలి ప్రయోగశాలలో గొంతు కడిగించుకోవచ్చు. సమాచారం ఉంటది, గొంతు పోతది. కడిగించుకున్నోళ్ల మీద, వాళ్లకు ఇచ్చినోళ్ల మీద కేసు ఎత్తేస్తరు. మీ అమ్మ నాకు ఆ మాట చదివి వినిపించలేదు చిట్టీ. జీవితంలో మొదటిసారి ఒక కాయితంలో కొంత దాచుకొని చదివింది.

రెండు రోజులకు, ధ్రువపత్రాల పనున్నదని చెప్పి పట్నం పోయింది. ఇందుమతి మేడం ప్రయోగశాలకు. ఆడ జరిగింది నాకు తర్వాత తెలిసింది. తెల్లగోడల గది, మెత్తటి కుర్సీ, అదే సోల. మేడం చెడ్డ మనిషి కాదు. ముందే చెప్పిందట.

"అమ్మాయీ, గొంతు ఒక్కటే విడిగా రాదు. దానికి అతుక్కొని ఉన్నవి కూడా కొన్ని పోతాయి. ఏవి పోతాయో నేను చెప్పలేను. ముందు ఒక్క పాఠం కడిగి చూద్దాం. ఏ పాఠం?"

మీ అమ్మ ఆలోచించి, అన్నిటికంటే చిన్నది, కడిగినా నష్టం లేనిది అనుకొని, నదులు అన్నదట. గోదావరి, దాని ఉపనదులు.

ఇరవై నిమిషాల పని. ఆనక ప్రశ్న అడిగితే పచ్చ దీపమే వెలిగింది. ఎర్రది వెలగలేదు.

మరునాడు పొద్దున వాకిట్లో కూసున్నం. ఆ రోజు జమున తిథి. నేను ఆకు కత్తిరించుకుంట, ఏటా అనేటట్టే అన్న: "ధర్మపురి ఒడ్డున నువ్వు నా వేళ్లు పట్టుకొని నదులు లెక్కపెడితివి, యాదున్నదా బిడ్డా?"

ఏటా మీ అమ్మ ఒక మాట అనేది దానికి. ఆ మాట కోసమే నేను అడిగేది. ఆ ఏడు ఏం అనలేదు. నా దిక్కు చూసింది. కొత్త మనిషి ఇల్లు అడిగితే చూస్తం చూడు, గట్ల.

"నేను ధర్మపురికి వచ్చిన్నా అమ్మమ్మా?"

నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

"మీ అమ్మ బూడిద కలిపిన నాడు. పసుపుపచ్చ గౌను వేసుకుంటివి. ముందటి పన్ను ఊడి ఉండె."

"నన్ను తీసుకపోలేదనుకున్న" అన్నది మెల్లగా. ఆనక గోదావరి ఎక్కడ పుడతదో, ఎన్ని ఉపనదులున్నయో గడగడ చెప్పింది. తప్పు లేకుండ. చెప్పుకుంట చెప్పుకుంట ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నది. తంబాకు చేతులు కండ్లకు తాకి మండుతున్నా తీయలేదు. అప్పుడు చెప్పింది కడుగుడు సంగతి.

నాకు కోపం వచ్చింది చిట్టీ. మీ అమ్మ మీద కాదు. జమున పోయినప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు, అప్పుడు ఏడ్పే ఎక్కువుండె. బిడ్డను తిప్పి తిప్పి చంపిన్రు. ఇప్పుడు ఆ బిడ్డను గంగలో కలిపిన దినం కూడా తీసుకున్నరు.

"విచారణ ఎప్పుడు?" అన్న.

"సోమవారం. నువ్వు రావొద్దు అమ్మమ్మా, నువ్వు వస్తే వాళ్లకు గొంతు దొరికినట్టే."

"దొరకనీ. దాచుకున్నా నేను?"

పట్నంలో నియామక మండలి ఆఫీసు ఎంత పెద్దగున్నదో, దాని బెంచీలు అంత చిన్నగున్నయి. వాన పడ్డది ఆ రోజు, నా చెప్పులు చప్పుడు చేస్తుంటే బంట్రోతు చూసి ముఖం చిట్లించిండు. లోపల బల్లకు అటు ముగ్గురు. నడుమ అధ్యక్షుడు శేషగిరి సారు, పక్కన ఇంకో సభ్యుడు, ఆ పక్కన ఇందుమతి మేడం. బల్ల మీద సోల. దాని పక్కన ఒక నల్ల పెట్టె. తలలో లేసే గొంతును ఆ పెట్టె బయటికి వినిపిస్తదట.

"ముందు సాక్ష్యం విందాం" అన్నడు శేషగిరి సారు. పెట్టె మీట నొక్కిన్రు.

నా గొంతు వచ్చింది! నా గొంతు నేనెప్పుడూ బయటినుంచి వినలేదు. "పద్నాలుగో అధికరణం బిడ్డా. చట్టం ముందట అందరు సమానం. మన కార్ఖాన సేటు ముందట కాదు…" వెనక కత్తెర టక్ టక్ అంటున్నది. లసుమక్క దగ్గు కూడా ఉన్నది. పక్క సభ్యుడు నవ్వు ఆపుకోలేక నోటికి రుమాలు పెట్టుకున్నడు.

"ఈ గొంతు ఎవరిది?" అన్నడు అధ్యక్షుడు.

"నాదే సారూ" అని లేసిన. "ఆ దగ్గు మా లసుమక్కది. ఆమెను కూడా రాసుకోండ్రి, లేకుంటె అలుగుతది."

"పెద్దమ్మా, ఇది నవ్వులాట కాదు. మీ జ్ఞాపకం ఈ అమ్మాయికి ఇచ్చారా?"

"ఇచ్చిన. పదిహేనేండ్లు ఇచ్చిన."

"చూశారా, ఒప్పుకుంది" అని రాసుకోబోయిండు.

"ఆగుండ్రి సారూ. ఇచ్చినోళ్ల తల ఖాళీ అయితదంటిరి గదా? నాది ఖాళీ అయ్యిందా చూసుకోండ్రి. ఆ సోల నా మీద పెట్టుండ్రి."

సారు ఒప్పుకోలేదు. నిబంధనల్లో లేదన్నడు. ఇందుమతి మేడం మాత్రం నన్నే చూస్తున్నది. "అది న్యాయమైన పరీక్షే సర్. దాత ఎవరో తేలాలంటే దాత తల చూడాలి" అని తనే లేసి వచ్చింది. నా కొప్పు సర్ది సోల పెట్టింది. చల్లగుండె, తలకు తడిబట్ట వేసినట్టు.

ప్రశ్న వచ్చింది. పద్నాలుగో అధికరణం. పచ్చ దీపం. పదహారో అధికరణం. పచ్చ దీపం. మన్సబుదార్లు, భూమి శిస్తు, పత్తి పంటకు నల్లరేగడి. పచ్చ, పచ్చ, పచ్చ. పక్క సభ్యుడు రుమాలు కింద పెట్టిండు.

ప్రతి పచ్చ దీపం పక్కన ఎర్ర దీపం కూడా వెలుగుతున్నది.

"ఈమెలోనూ అరువేనా?" అన్నడు అధ్యక్షుడు. "ఈమెకు ఎవరు ఇచ్చారు? గొంతు వినిపించండి."

పెట్టె మీట నొక్కింది మేడం.

చిన్నపిల్ల గొంతు వచ్చింది. "అ… అధి… అధికరణం… పద-హారు. ప్రభుత్వ… ఉద్యో-గాలలో… అంద-రికీ… సమాన అవ-కాశం…" అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుతున్నది. ముందటి పన్ను లేదు, గాలి పోతున్నది. ఆ పుస్తకం లసుమక్క కొడుకుది, వానికి పైతరగతి. అర్థం తెల్వకపోయినా మీ అమ్మ నా కోసం చదివింది.

చదువురాని దానికి పాఠం ఏ గొంతుతో వస్తది చిట్టీ? చదివి వినిపించిన గొంతుతోనే వస్తది. నేను ఆ గొంతు విని నేర్చుకున్న, మీ అమ్మ నా గొంతు విని నేర్చుకున్నది.

మీ అమ్మ బెంచీ మీదనుంచి లేసి నిలబడ్డది.

మేడం నన్నడగకుండనే ఇంకో ప్రశ్న వేసింది. తాను కడిగింది నా తలలో ఉన్నదా అని చూసేటందుకట, ఆనక చెప్పింది. గోదావరి ఉపనదులు చెప్పు అన్నది.

పెట్టెలోంచి నీళ్ల చప్పుడు. గాలి. ఆ చిన్న గొంతు ఎక్కిళ్లు పెట్టుకుంట, "మంజీర… అమ్మమ్మా, మంజీర ఒకటి… మానేరు రెండు… ప్రాణహిత… ప్రాణహిత మూడు… నీ చెయ్యి ఇటియ్యి, వేలు మర్చిపోయిన… ఇంద్రావతి…"

మీ అమ్మ పెట్టె దగ్గరికి నడిచింది. అడ్డం వచ్చిన బంట్రోతును చూడనుకూడా లేదు. రెండు చేతులూ పెట్టె మీద పెట్టి వింటున్నది. తన దినం, తన తలలో లేని దినం, నా తలలోంచి వింటున్నది. "శబరి… అయిదు…" అన్నంక సారు "ఆపండి" అని గట్టిగా అన్నడు. పెట్టె ఆగింది.

బయట వాన చప్పుడే.

ఇందుమతి మేడం నా తల మీది సోల తీసి తన తల మీద పెట్టుకున్నది. "ఏడెనిమిదులు ఎంత అని అడుగు" అని మిషిని కాడ నిలబడ్డ పిల్లతో అన్నది. పచ్చ దీపం. ఎర్ర దీపం. పెట్టెలో ఎవరో పెద్దాయన గొంతు, కోస్తా యాస, "ఏడెనిమిదులు యాభయ్యారు. ఇందూ, మళ్లీ తప్పు చెప్పావో, జామకాయ లేదు."

"మా నాన్నగారు" అన్నది మేడం. కండ్లు తుడుచుకోలేదు. "పోయి ఇరవై ఏళ్లయింది. నేను సోల కోసం పరీక్షించిన వాళ్లందరూ ఒంటరిగా గదిలో కూర్చుని చదువుకున్నవాళ్లు సర్. అలాంటివాళ్లనే పిలిచాను. ఇంకోలా చదువుకునేవాళ్లు ఉంటారని నాకు తోచలేదు. నా తప్పు."

నేను ఆగలేకపోయిన. "శేషగిరి సారూ, ఇగ మీరు పెట్టుకోండ్రి."

"ఏం మాట్లాడుతున్నావమ్మా?"

"మీ తలల అ ఆలు ఎవరి గొంతుతోని ఉన్నయో విందాం. మీ అమ్మదో, పంతులుదో. ఎవ్వరి గొంతు లేకుండ మీ అంతట మీరే నేర్చుకున్నరని ఆ దీపం చెప్తె, నన్ను జైలుకు పంపుండ్రి. నేను బీడీల చేట అందుకొని పోత."

సారు సోల దిక్కు చూసిండు. కుర్సీ కొంచెం వెనక్కి జరిపిండు. పెట్టుకోలేదు. కాయితాలు సర్దుకుంట, "నిబంధన నిబంధనే. అమ్మాయి గొంతు కడిగించుకుంటే ధ్రువపత్రం ఇస్తాం, మీ మీద కేసూ ఉండదు. లేదంటే లేదు. అమ్మాయీ, సంతకం చేస్తావా?" అన్నడు.

కాయితం ముందటికి జరిపిండు. పెన్ను కూడా పెట్టిండు.

చిట్టీ, ఆ కాయితం మీద సంతకం చేస్తే మీ అమ్మ తెల్లారి ఆఫీసరు. పదిహేనేండ్లు కన్న కల. నేను మీ అమ్మ ముఖం చూడలేదు. చేస్తే చేయనీ అనుకున్న, నా గొంతు ఎంత, బిడ్డ బతుకెంత అనుకున్న. తల వంచుకొని నా చెప్పులు చూసుకుంటున్న.

"సారూ" అన్నది మీ అమ్మ. "రేపు నేను ఆ కుర్సీల కూసుంటె ఎవరో ఒకామె కాయితం పట్టుకొని నా ముందటికి వస్తది. ఆమెను చూస్తె నాకు మా అమ్మ యాదికి రావాలె. మా అమ్మను పదకొండుసార్లు తిప్పినోళ్లకు ఎవ్వరూ యాదికి రాలేదు. నాకు అట్లాంటి తల వద్దు. ఒక్క దినం కడిగించుకున్నందుకే సిగ్గుపడుతున్న. ఇంకొక్క దినం కూడా ఇయ్యను."

పెన్ను మూత పెట్టి వెనక్కి జరిపింది. "పదా అమ్మమ్మా, బస్సు పోతది."

అట్ల వచ్చేసినం. కొలువు లేదు. నిషేధం పడ్డది. నా మీద కేసు కూడా రాసిన్రు, రెండుసార్లు కోర్టు మెట్లు ఎక్కిన, జడ్జిగారికి కూడా పద్నాలుగో అధికరణం చెప్పిన. ఇందుమతి మేడం తన ఎర్ర దీపం చదువు చెప్పినోళ్లకూ దొంగలకూ తేడా చూపలేదని రాసిచ్చి ఆ కొలువు మానేసింది. మండలివోళ్లు ఆ కాయితాన్ని ఒక అలమరలో పెట్టి తాళమేసిన్రట.

మేము ఊరుకుంటమా? మా వాకిలి మాకున్నది.

మీ అమ్మ పొద్దున తానం చేసి ఒక్కసారి చదువుడు, నేను దినమంతా చెప్పుడు. ఈసారి వినేది అయిదుగురు కాదు. వాడలోని ఆడపిల్లలు చేటలు తెచ్చుకొని కూసున్నరు. ఆనక జగిత్యాల నుంచి, మెట్‌పల్లి నుంచి వచ్చిన్రు. గడియారం చూడరాని ఆ పిల్ల కూడా వచ్చింది, ముల్లు ముల్లు నా నోటితోనే మళ్ల నేర్చుకున్నది. వాకిలి చాలక తొవ్వ మీద కూసున్నరు. మేము దాచలేదు. గోడ మీద సున్నంతో రాయించిన: ఇక్కడ అరువు గొంతు ఇయ్యబడును. అది లసుమక్క ఆలోచనే.

రెండేండ్లకు మళ్ల పరీక్ష పెట్టిన్రు. మా వాకిట్లోంచి అరవైరెండు మంది ఆడపిల్లలు పోయి సోల కింద కూసున్నరు. అరవైరెండు తలల్లో నా గొంతు. పచ్చ దీపాలు, ఎర్ర దీపాలు, గదంతా. మిషిని కాడున్న పిల్ల, పాపం, పెట్టె మీట నొక్కి నొక్కి "ఈ ముసలామె ఎవరండీ బాబూ" అని తల పట్టుకున్నదట. అది పేపరోళ్లకు తెలిసింది. ఇందుమతి మేడం కాయితం అలమరలోంచి బయటికొచ్చింది. ఆ చలికాలానికి ఎర్ర దీపం ఊడదీసిన్రు. మీ అమ్మ మీద నిషేధం కొట్టేసి, పాత మార్కుల మీదనే కొలువు కాయితం పంపిన్రు. దొంగతనంగా ఎక్కించుకునేటోళ్లను పట్టుకునేటందుకు ఇంకేదో తొవ్వ వెతుక్కున్నరు. అది వాళ్ల పని.

మొదటి రోజు మీ అమ్మతో నేనూ ఆఫీసుకు పోయిన. ఒక ముసలాయన కాయితం ఇచ్చి, "మళ్ల ఎప్పుడు రమ్మంటరు మేడం?" అన్నడు. మీ అమ్మ సంతకం పెట్టి, "మళ్ల ఎందుకు తాతా?" అన్నది. అంతే. నాకు చాలు.

ఇగ నీకు చెప్తానన్న పని.

కడిగిన ఆ దినం తిరిగి రాలేదు చిట్టీ. మేడం చాన ప్రయత్నం చేసింది, రాలేదు. ఆ దినం నా తలలోనే ఉన్నది, ఇంకెక్కడా లేదు. మీ అమ్మకు అప్పుడప్పుడు వినాలనిపిస్తది. అడగదు. వంటింట్లో ఊరికే వచ్చి నా పక్కన కూసుంటది, అప్పుడు నాకు తెలుస్తది, చెప్తా. నాకిప్పుడు ఎనభై మూడు. అందుకని ఈ దినం నీకిస్తున్న. మంచిగ విను.

ధర్మపురి. పొద్దున ఎనిమిది గంటలు. నీళ్లు మోకాలిదాక. మీ అమ్మ పసుపుపచ్చ గౌను, ఎడమ చెప్పు తెగింది, చేతిలో పట్టుకున్నది. ఏడుస్తుంటే, బడిలో చెప్పిన నదులు చెప్పు బిడ్డా అన్న. నా వేళ్లు పట్టుకొని లెక్కపెట్టింది. మంజీర, మానేరు, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. అయిదు వేళ్లూ అయిపోయినయి. పెట్టె ఆడికే ఆగింది, ఆనక మాట ఆ ముగ్గురు వినలేదు. అయిపోయినంక నా రెండో చేతి బొటనవేలు పట్టుకొని, "అమ్మ కూడా ఈ నీళ్లల్లనే కలిసింది గదా అమ్మమ్మా, అమ్మను ఆరోది అనొచ్చా?" అన్నది. అను బిడ్డా అన్న. ఏటా తిథికి మీ అమ్మ అనేటి మాట అదే.

అంతే. ఏది, ఒకసారి చెప్పు. చెప్పు సంగతి మర్చిపోకు, తెగింది ఎడమ చెప్పు. ఆఁ, గట్ల.

నేను లేనంక మీ అమ్మ వంటింట్లో వచ్చి ఊరికే నీ పక్కన కూసుంటది. అప్పుడు చెప్పు. నీ పిల్లలకు కూడా చెప్పు. చెప్తుంటే నీ నోట్లో నా గొంతు వస్తే రానీ బిడ్డా, ఆపకు.